కింది అరలో బూజువాళ్ళు

ఫ్రిజ్‌లో కింది అర ఎవరిదన్న గొడవ మా ఇంట్లో మొదలై అప్పటికి నాలుగు రోజులైంది. శనివారం ఉదయానికి ఎంతవరకూ వచ్చిందంటే, నేను డబ్బాలన్నీ తీసి వంటగట్టు మీద వరసగా పెడుతున్నాను, మా అమ్మాయి వాటిని ఒక్కొక్కటే తీసి మళ్ళీ లోపల పెడుతోంది.  మా ఆయన టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి, తాను దూర సందు లేదు మెడకో డోలు అన్నట్టుంది, పాలకే చోటు లేదు ఈ డబ్బాలెందుకే తల్లీ అన్నారు. ఆ మాట అనేసి, ఎవరి పక్షానా చేరకుండా పనికి వెళ్ళిపోయారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళని పైకో కిందికో చేర్చడం ఆయన ఉద్యోగం. ఇంట్లో మాత్రం ఆ పని చెయ్యరు.

డబ్బాలు ఏడు. ఒకదానిలో బ్రెడ్డు ముక్క, దాని మీద ఆకుపచ్చ పొడి. కదిపితే ఆ పొడి పొగలా లేచి మూతకి అంటుకుంటోంది. ఇంకోదానిలో ఒకప్పటి టమాటా. ఇప్పుడది నల్లని చుక్కలున్న బొచ్చు ముద్ద, అడుగున గోధుమరంగు నీళ్ళు. వేరొకదానిలో ఏముండేదో చెప్పలేను, పసుపుపచ్చగా జిగురు తేలి, అంచులు లోపలికి ముడుచుకుని, తడిచెవిలా ఉంది. మూతలు గట్టిగానే ఉన్నాయి. అయినా ఫ్రిజ్ తలుపు తీయగానే ఒక వాసన వచ్చేది. కుళ్ళు వాసన కూడా కాదు, తడిగోడ వాసన, మూసిన గది వాసన. ఆ వాసన ముక్కుకి తగిలితే నాకు పాలు కూడా తాగబుద్ధయ్యేది కాదు.

నేను ఆస్పత్రి వంటశాలలో శుభ్రత చూసే ఉద్యోగిని. పద్దెనిమిదేళ్ళుగా నా పని ఇతరులు తెరవని మూతలు తెరిచి వాసన చూడటం. అక్కడ ప్రతి గిన్నెకీ చీటీ ఉండాలి: ఏమిటది, ఏ రోజుది. చీటీ లేనిది చెత్తబుట్టకి, మూడు రోజులు దాటినది చెత్తబుట్టకి. ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టాను. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా, "వదినా, అన్నయ్యకి కూడా ఓ చీటీ అంటించు, ఏ రోజువాడో తెలీడం లేదు," అని ఏడిపిస్తుంది.

మా అమ్మాయి పద్ధతి తెలిసిన పిల్ల. ఏడు డబ్బాలకీ చీటీలు అంటించింది, తేదీలు వేసింది. అందుకే గొడవపడ్డానే గాని, నాలుగు రోజులు వాటిని పడెయ్యకుండా ఊరుకున్నాను. ఆ రోజు ఆఖరి డబ్బా తీసినప్పుడు చీటీ మొదటిసారి సరిగ్గా చదివాను. లోపల అర నిమ్మకాయ. దాని మీద తెల్లగా, సన్నగా, పొడుగ్గా నూగు లేచి ఒక పక్కకి వాలి ఉంది, దువ్విన తలలాగా. చీటీ మీద గుండ్రటి అక్షరాలతో ‘నానమ్మ’ అని ఉంది. కింద తేదీ.

నేను డబ్బాతో సహా చెత్తబుట్టలో పడేశాను. మా అమ్మాయి మోచేతి దాకా చెయ్యి పెట్టి తీసుకుంది. టీపొడి, గుడ్డుపెంకులు అంటిన చేత్తోనే దాన్ని గుండెకి ఆనించుకుంది.

"అమ్మా, ఇది నానమ్మ కాదు. బొమ్మ గీసుకోవడానికి నమూనా."

"చెయ్యి కడుక్కో," అన్నాను. 

అదేం పనో చెప్పాలి. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఆడే కథల ఆటలు కొన్నున్నాయి. ఒకరు కథ చెబుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అవుతారు. నేను రాక్షసుణ్ణి, నేను మరుగుజ్జుని అని ముందే జాతిని ఎంచుకోవాలి. అలాంటి ఆటలు తయారుచేసే కంపెనీ ఒకటి మా అమ్మాయికి కొత్త జాతిని రాసే పని ఇచ్చింది. బొమ్మలూ తనవే, నియమాలూ తనవే. ఇది నచ్చితే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఆ జాతి పేరు పుస్తకంలో శిలీంధ్రులు. మా ఇంట్లో మాత్రం బూజువాళ్ళు. మాట్లాడతారు, నడుస్తారు, ఆలోచిస్తారు, కాని బూజు. నెల రోజులుగా మా భోజనాల బల్ల దగ్గర వాళ్ళ సంగతులే. వాళ్ళకి ఆకలేస్తే నోటితో తినరట, కూర్చున్నచోటే అడుగునుంచి పీల్చుకుంటారట. ఒకరితో ఒకరు మాట్లాడాలంటే పొడి చల్లుకుంటారట. ఒకసారి అన్నం కలుపుకుంటూ ఈ మాట విని నేను కంచం ముందునుంచి లేచిపోయాను.

అయినా సాయం చెయ్యకపోలేదు. వాళ్ళకి శత్రువులెవరని అడిగితే, బ్లీచింగు వల్ల బూజు చావదు, రంగు మాత్రమే పోతుంది, వేరు గోడలోనే ఉంటుంది, చంపేవి సున్నం, ఎండ, గాలి అని చెప్పాను. రాసుకుంది. ఆ వారంలోనే సున్నంవాళ్ళు అనే శత్రువులు పుట్టారు, తెల్లకోట్లు తొడుక్కుని.

శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి తల స్నానానికి వెళ్ళింది. బల్ల మీద కాగితాలు తెరిచే ఉన్నాయి. బూజువాళ్ళు ఎలా పుడతారో అప్పుడే చదివాను. ఊరికే పుట్టరు. చనిపోయిన మనిషి మీద మొలుస్తారు. మొలిచినప్పుడు ఆ మనిషి నుంచి మూడు తీసుకుంటారు: చేతుల నుంచి ఒక పని, నోటి నుంచి ఒక మాట, కడుపులోంచి ఒక సిగ్గు. ఆ సిగ్గుని చీటీ మీద రాసి మడిచి, ఆడేవాళ్ళు తమ గ్లాసు కింద పెట్టుకోవాలి. అవసరం వచ్చేదాకా ఎవరూ చదవకూడదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తెరిచి అందరికీ వినపడేలా చదివితే బతుకుతారు.

కింద ఒక ఉదాహరణ ఉంది. ముసలి శిలీంధ్రి.

చేతుల నుంచి: ఏ గుడ్డ దొరికినా అంచుకి అంచు కలిపి మడుస్తుంది, యుద్ధం మధ్యలో కూడా. నోటి నుంచి: నా సంగతికేంలే, మీరు కానివ్వండి. కడుపులోంచి: ఒక పగలల్లా తన మలంలో తాను పడుకుంది. సాయంత్రం మనవరాలు వచ్చి చూసింది. ఆ గుడ్డలు కోడలి కంట పడకుండా ముసలిది పరుపు కింద దాచింది. ఆ తడిలోంచే ఇది మొలిచింది.

నేను సింకు దగ్గరికి వెళ్ళి ఉదయం తాగిన టీ అంతా కక్కాను.

మా అత్తగారు శుభ్రం తెలిసిన మనిషి. ఆవిడ దుప్పటి పరిస్తే మీద ఇంకో మనిషి పడుకోవడానికి జంకేవాడు. మడత మీద మడత, తెల్లగా, ఎండ వాసనతో. ఆరేళ్ళ కిందట పోయింది. పోయే ముందు తొమ్మిది నెలలు వెనక గదిలో మంచం మీద ఉంది. వీపు కింద పుండు పడింది. మొదట రూపాయంత, తర్వాత అరచెయ్యంత, అంచులు బూడిదరంగు, లోపల పచ్చగా తడి. రోజుకి రెండుసార్లు కట్టు మార్చేదాన్ని. చేతులు ఎంత తోముకున్నా గోళ్ళ కింద ఆ వాసన మిగిలేది. అన్నం ముద్ద నోటిదాకా వచ్చేసరికి తెలిసేది. ఆస్పత్రిలో నా ముక్కుకి పేరుంది, ఆ ముక్కే నా శత్రువయింది.

ఆ తొమ్మిది నెలల్లో ఒక గురువారం మా వంటశాలకి తనిఖీ. పై అధికారులు వస్తారని ఇస్త్రీ చేసిన తెల్లకోటు తొడుక్కున్నాను. ఏడున్నరకి వెళ్తూ వెళ్తూ వెనక గది తలుపు తీశాను. వాసన గుమ్మంలోనే తగిలింది. చూడక్కర్లేదు, ఏం జరిగిందో తెలిసిపోయింది. కట్టు కూడా తడిసి ఉంటుంది. ఇప్పుడు మొదలుపెడితే గంట పడుతుంది, మళ్ళీ నేను స్నానం చెయ్యాలి. ఇవన్నీ తర్వాత చెప్పుకున్న కారణాలు. ఆ క్షణాన నాకు వచ్చింది రోత, అంతే. ఆవిడ మెలకువగానే ఉంది. నా వైపు చూసింది. నేను తలుపు దగ్గరకి వేసి, గడియ కూడా పెట్టి, వెళ్ళిపోయాను. మధ్యాహ్నం రోజూ వచ్చేదాన్ని, ఆ రోజు రాలేదు. సాయంత్రం వచ్చేసరికి ఆవిడ ఉతికిన బట్టల్లో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఎలా అని నేను అడగలేదు. ఆ పుండు వీపుతో తనే దొర్లి ఎలాగో మార్చుకుందనుకున్నాను. రెండు రోజుల తర్వాత పరుపు కింద గుడ్డలు దొరికాయి. అప్పటికే వాటి మీద నల్లగా, పచ్చగా బూజు. అంచుకి అంచు కలిపి మడిచి ఉన్నాయి. ఆ సంగతి నేను మా ఆయనకి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

మా అమ్మాయి తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చేసరికి కాగితం నా చేతిలోనే ఉంది.

"ఇది నీకెలా తెలుసు?" అన్నాను.

అది కూర్చుంది. ఆ రోజు కాలేజీ నాలుగింటికే వదిలేశారట. ఇంటికి వస్తే వెనక గదికి గడియ పెట్టి ఉందట, లోపల్నుంచి నానమ్మ సన్నగా పిలుస్తోందట. తనే కడిగింది, తనే బట్టలు మార్చింది. కట్టు విప్పితే కళ్ళు తిరిగి మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయిందట. గుడ్డలు నానబెడతానంటే ముసలావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడే మడిచింది, పరుపు ఎత్తి పెట్టమంది.

"మీ అమ్మకి చెప్పకే, అలిసిపోయి వస్తుంది అంది. ఆ మాట మీద ఇన్నాళ్ళూ చెప్పలేదు. నువ్వు పొద్దున్నే వెళ్ళిపోయావుగా, ఆ తర్వాత అయ్యుంటుంది. మరి గడియెందుకు పడిందో. గాలికి తలుపు కొట్టుకుంటుందని పెట్టుంటావు."

దానికి అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఆ పుండు దాని కంట పడకూడదనే తొమ్మిది నెలలూ ఆ గదిలోకి రానిచ్చేదాన్ని కాదు.

"తీసెయ్యి," అన్నాను.

"అమ్మా, మొత్తం జాతి దీని మీదే నిలబడింది. ఇది తీస్తే మిగిలేది పుట్టగొడుగుల వేషాలే. వాళ్ళకి నచ్చింది ఇదే."

"ఆవిడ బతికుంటే ఒప్పుకునేదా? దిండు గలీబు మీద మరకుంటే చుట్టాల ముందు గదిలోంచి బయటికి రాని మనిషి. ఆవిణ్ణి బూజు చేసి, ఊళ్ళో వాళ్ళకి ఆడుకోమని ఇస్తావా?"

అది చాలాసేపు తువ్వాలుతో జుట్టు తుడుచుకుంది. తర్వాత, రేపు అత్త వస్తుంది కదా, నలుగురం ఒకసారి ఆడి చూద్దాం, అప్పటికీ నీకు రోతగానే ఉంటే చెప్పు, సోమవారం పొద్దున పంపాలి అంది.  గడియ సంగతి చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, అన్నం పెట్టనా అని అడిగాను.

ఆదివారం మధ్యాహ్నం మా ఆడపడుచు వచ్చింది. బట్టలు కుట్టే దుకాణం ఉంది ఆవిడకి, మెడలో టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చేసింది. ఫ్రిజ్ తెరిచి, డబ్బాలు చూసి, తలుపు వేసి, "వదిన ఇంట్లో బూజు! ఇక చూడ్డానికి ఏం మిగల్లేదు," అంది. బల్ల తుడిచాను. మా అమ్మాయి పాత్రల కాగితాలు బోర్లించి పేర్చింది, ఒక్కొక్కరిని ఒక్కోటి తీసుకోమంది. మా ఆయనకి నౌక నడిపేవాడి మీద మొలిచిన బూజు వచ్చింది. నాకు పన్ను వసూలుదారు మీద మొలిచింది. వాడి నోటి మాట ‘రేపు రండి’. మా ఆడపడుచు తన కాగితం తిప్పింది. అది ముసలి శిలీంధ్రి.

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను బల్ల వైపు చూశాను.

మా ఆడపడుచు బిగ్గరగా చదవడం మొదలుపెట్టింది. గుడ్డలు మడుస్తుందట అని నవ్వింది. నా సంగతికేంలే మీరు కానివ్వండి అని చదివి ఆగింది. మళ్ళీ ఒకసారి అదే మాట, ఈసారి వాళ్ళమ్మ గొంతుతో అంది. మా ఆయన తల వంచుకుని పాచికని వేళ్ళ మధ్య దొర్లించారు. "ఎంత బాగా పట్టావే," అని మా ఆడపడుచు మేనకోడలి వీపు నిమిరి, మెడలో టేపు అంచుతో కళ్ళు ఒత్తుకుంది. మూడోది ఏదే అంటే, అది చీటీలో ఉంది అత్తా, అవసరమైతేనే తెరవాలి అని మా అమ్మాయి మడిచిన కాగితం ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

ఆట మొదలైంది. బూజువాళ్ళు నేల కింద గదుల్లో ఉంటారు. సున్నంవాళ్ళు మెట్లు దిగి వస్తున్నారు, బాల్చీలతో, కుంచెలతో. గోడల్లోంచి ఊడిపడే వాళ్ళనీ, తడి ఆరి పెచ్చులు లేచే వాళ్ళనీ, సున్నం తగిలిన చోట బుడగలు పొంగి ఒళ్ళు కారిపోయే వాళ్ళనీ మా అమ్మాయి వర్ణిస్తూనే ఉంది. నా నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరే నీళ్ళు. మా ఆయన నౌకవాడు పెద్ద ఉత్సాహంగా పొడి చల్లాడు. నాది ‘రేపు రండి’ అని తప్పించుకుంది. మా ఆడపడుచుకి మాత్రం పాచికలు పడలేదు. పారిపోతున్నప్పుడల్లా ఎక్కడో ఒక గుడ్డ దొరుకుతుంది, ఆగి మడవాలి. ఇదేం జాతే, గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు బూజుకి శుభ్రమేమిటే అని నవ్వుతూనే ఉంది. మూడోసారి సున్నంవాళ్ళు వెనక గదిలో ముసలిదాన్ని పట్టుకున్నారు. తలుపు మూసేశారు.

"అయిపోయింది, చచ్చింది," అన్నారు మా ఆయన.

"ఎందుకు చస్తుంది? చీటీ ఉందిగా," అని మా ఆడపడుచు గ్లాసు జరిపింది. మడత విప్పబోయింది. 

నేను ఆవిడ చేతి మీద చెయ్యి వేశాను. కాగితం మా ఇద్దరి అరచేతుల కింద చెమటకి మెత్తబడింది.

"అది తెరవకు."

"ఏం వదినా, నువ్వు గెలవాలనా?"

"అది అత్తయ్య సిగ్గు కాదు," అన్నాను.

నా గొంతు ఆస్పత్రిలో లోపాలు చదివే గొంతులా ఉంది, మెల్లగా, ఎత్తూ పల్లం లేకుండా. ఆ గురువారం సంగతి చెప్పాను. ఏడున్నర అని చెప్పాను. తలుపు తీశానని, వాసన వచ్చిందని, ఆవిడ మెలకువగా ఉండి నన్ను చూసిందని, నేను గడియ పెట్టి వెళ్ళానని చెప్పాను. తనిఖీ ఉందన్న మాట చెప్పలేదు. చెబితే వాళ్ళు దాన్ని పట్టుకుంటారు. మధ్యాహ్నం రావచ్చు, రాలేదు అన్నాను. నాకు రోత పుట్టింది అన్నాను. ఆ రోత ఆవిడ మీదనుంచి నా మీదికి ఎప్పుడు మారిందో తెలీదు, కాని పోలేదు, ఫ్రిజ్ తెరిస్తే వచ్చే వాసన ఆ డబ్బాలది ఒక్కటే కాదు అన్నాను.

మా ఆడపడుచు చెయ్యి నా చేతి కిందనుంచి మెల్లగా తీసేసుకుంది. మెడలోంచి టేపు తీసి, వేలికి చుట్టడం మొదలుపెట్టింది, చివరిదాకా చుట్టి మళ్ళీ విప్పింది. మా ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. నాకు వీపు చేసి నిలబడి, "అమ్మ నాతో ఎప్పుడూ అనలేదు," అన్నారు. తర్వాత చాలాసేపటికి తిరిగి వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు. నా పక్క కుర్చీ అది. కొంచెం దూరంగా జరుపుకున్నారో, నాకే అలా అనిపించిందో తెలియదు.

మా అమ్మాయి కళ్ళు నా మీదే ఉన్నాయి. దానికి ఇప్పుడు గడియ అర్థమైంది. ఆ ముఖంలో కనిపించింది నాకు తెలిసిందే. వంటశాలలో మూత తెరిచినప్పుడు కొత్తగా చేరినవాళ్ళ ముఖాల్లో చూస్తుంటాను.

చీటీని విప్పకుండానే చించి, టీ గ్లాసులో పడేశాను. అది తడిసి ముద్దయ్యేదాకా అందరం దాన్నే చూశాం.

"రేపు పంపేదాంట్లోంచి అత్తయ్యని తీసెయ్యి," అన్నాను మా అమ్మాయితో, ముగ్గురికీ వినపడేలా. "ఆవిణ్ణి అడగడానికి లేదు. నన్ను పెట్టు. చేతుల నుంచీ నోటి నుంచీ ఏం తీసుకుంటావో నీ ఇష్టం. మూడోది మాత్రం ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు రాయి. గడియ కూడా."